సెమీ డ్రై వెట్‌సూట్ కొనబోతున్నారా? హైదరాబాద్ డైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి సముద్రం దగ్గర్లో ఎక్కడుందో వెతికినా సుమారు 300 కిలోమీటర్లు పోవాలి. అయినా ఈ ఊళ్లో డైవర్లకు కొదవ లేదు. అండమాన్‌లోనో, మురుడేశ్వర్ దగ్గర నేత్రాణిలోనో కోర్సు చేసొస్తారు. రెండేళ్లు తిరక్కుండానే కేప్‌టౌన్‌కో, గలాపగోస్‌కో, మెల్‌బోర్న్‌లో అక్కావాళ్లింటికో టికెట్లు కొనేస్తారు. నీళ్లు చల్లగా ఉంటాయన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది, నాకు ఫోన్ వస్తుంది. అడిగేవాళ్లు మారుతుంటారు గానీ ప్రశ్నలు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థం కావాలని ఒకటి రెండు మాటలు మళ్లీ మళ్లీ వచ్చాయి, ఏమనుకోకండి.

## కొనాలా, వద్దా?

సెమీ డ్రై అంటే ఒళ్లు సగం పొడిగా ఉంటుందా?

ఉండదు. తడుస్తారు. మామూలు వెట్‌సూట్‌లో (చల్లనీళ్లలో వేసుకునే నియోప్రీన్ రబ్బరు సూటులో) కదిలినప్పుడల్లా పాత నీళ్లు బయటికి పోయి కొత్త చల్లనీళ్లు లోపలికి వస్తాయి. సెమీ డ్రైలో మొదట దూరిన కాసిని నీళ్లు అక్కడే ఉండిపోతాయి, తేడా అంతే. అందుకోసం మణికట్టు, చీలమండ, మెడ దగ్గర చర్మానికి అతుక్కునే నున్నటి రబ్బరు సీళ్లు ఉంటాయి. జిప్పు నీళ్లు దూరకుండా చేసినది. ముక్కలను ముందు జిగురుతో అతికించి, సూది అవతలి వైపుకి దిగకుండా కుడతారు.

"ఒంటి వేడికి వెచ్చబడిన నీటి పొరే మనల్ని కాపాడుతుంది" అని కోర్సుల్లో చెప్తుంటారు. అది సగమే నిజం. వెచ్చగా ఉంచేది నియోప్రీన్ రబ్బరులో ఉన్న సన్నటి గ్యాస్ బుడగలు. 1950ల మొదట్లో అమెరికాలోని బర్క్‌లీలో భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్‌కి తట్టిన ఆలోచన ఇదే: బుడగలున్న పొర ఒంటి మీద ఉంటే చాలు, ఒళ్లు పొడిగా ఉండక్కర్లేదు. లోపలి నీళ్లు కదలకుండా ఉంటేనే ఆ పొర పని చేస్తుంది. గాలితో పోలిస్తే నీళ్లు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి మరి.

అండమాన్ డైవింగ్‌కి ఇది పనికొస్తుందా? ఒకేసారి మంచిది కొనేద్దామని.

వద్దు. అండమాన్ నీళ్లు 27 నుంచి 30 డిగ్రీలుంటాయి, అక్కడ 3 మి.మీ. సూటే ఎక్కువ. 7 మి.మీ. సెమీ డ్రై వేసుకుని హేవ్‌లాక్‌లో బోటెక్కితే, నీళ్లలో దిగేలోపే ఆవిరి మీద పెట్టిన కుడుములా అయిపోతారు. నేత్రాణి, గోవా, పుదుచ్చేరి, విశాఖ రుషికొండ, అన్నిటికీ ఇదే మాట. ఇది మన తీరానికి పనికొచ్చే వస్తువు కాదు.

బాలికి వెళ్తున్నా. అక్కడ చలేంటి, ఎవరో హుడ్ కూడా తీసుకెళ్లమన్నారు?

సరిగ్గానే చెప్పారు. జులై నుంచి అక్టోబర్ దాకా నూసా పెనీడా దగ్గర క్రిస్టల్ బే లాంటి చోట్ల మోలా మోలా చేపల కోసం దిగుతారు. ఆ చేప వచ్చేదే లోతు నుంచి ఎగదన్నే చల్లనీళ్లతో పాటు. పైన 26 డిగ్రీల్లో హాయిగా ఈదుతూ ఉంటారు, ఇంకో రెండు మీటర్లు దిగేసరికి ఫ్రిజ్ తలుపు తీసినట్టు ఒక్కసారిగా 20కి పడిపోతుంది, ఒక్కోసారి ఇంకా తక్కువకి. అయితే ఆ చలిలో ఉండేది డైవ్‌లో కొంతసేపే. బాలి ఒక్కదాని కోసం సెమీ డ్రై కొనక్కర్లేదు. ఒంటికి పట్టిన 5 మి.మీ. సూటు, ఒక హుడ్ (తలా మెడా కప్పే రబ్బరు టోపీ) చాలామందికి సరిపోతాయి.

నేను వెళ్లే చోటికి సెమీ డ్రై చాలా, డ్రై సూటే కావాలా?

అడుగున ఉండే ఉష్ణోగ్రత కనుక్కోండి. ఫోన్‌లో వాతావరణం చూస్తే గాలి సంగతి తెలుస్తుంది తప్ప నీళ్ల సంగతి తెలియదు. నా లెక్క ఇదీ: 10 నుంచి 18 డిగ్రీల మధ్య సెమీ డ్రైకి పని ఉంది. 10 కంటే తక్కువైతే డ్రై సూట్, అంటే నీళ్లని అసలు లోపలికి రానివ్వనిది. 18 దాటి 22 దాకా మంచి 5 మి.మీ. సూటుతో నెట్టుకురావచ్చు, చలి మనుషులైతే సెమీ డ్రై వేసుకోండి.

కేప్‌టౌన్‌కి రెండు వైపులా నీళ్లున్నాయి. ఫాల్స్ బే వైపు చలికాలంలో 13 నుంచి 15 డిగ్రీలుంటాయి. అట్లాంటిక్ వైపు తమాషా ఏంటంటే, వేసవిలోనే ఎక్కువ చల్లగా ఉంటాయి. ఆగ్నేయం గాలి పైనీళ్లను తోసేస్తే అడుగు నుంచి చల్లనీళ్లు లేస్తాయి, 10 నుంచి 13 డిగ్రీలు మామూలే. "డిసెంబర్‌లో అక్కడ ఎండాకాలం కదా" అని 3 మి.మీ. సూటుతో వెళ్లినవాళ్లు నాకు తెలుసు. కాలిఫోర్నియాలో మాంటెరే ఏడాదంతా 10 నుంచి 14 మధ్య తిరుగుతుంది. గలాపగోస్‌లో జూన్ నుంచి నవంబర్ దాకా, ముఖ్యంగా ఇసబెలా, ఫెర్నాండినా దీవుల వైపు, 16-18 డిగ్రీలకి సిద్ధపడి వెళ్లాలి. భూమధ్యరేఖ మీదే ఉంది కదా అని మోసపోకండి. ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రా అనే నీటి చీలికలో 2 నుంచి 4 డిగ్రీలు. అక్కడ డైవింగ్‌కి డ్రై సూటే వాడాలని రూలు, అందులో శిక్షణో అనుభవమో ఉన్నట్టు చూపించాలి కూడా.

5 మి.మీ.నా, 7 మి.మీ.నా?

చల్లనీళ్లకే కొంటుంటే 7, లేదా దానికి దగ్గరగా 6.5. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఒంటికి అతికినట్టున్న 5 మి.మీ. సూటు, లూజుగా ఉన్న 7 మి.మీ. సూటు కంటే వెచ్చగా ఉంటుంది. దుకాణంలో రెండే ఉండి, 5 సరిగ్గా పట్టి 7 నడుము దగ్గర గాలాడుతుంటే, 5 తీసుకుని లోపల హుడ్‌తో ఉన్న బనియన్ వేసుకోండి. మందం చూసి మురిసిపోయి ఫిట్టింగ్ వదిలేసినవాళ్లే ఎక్కువగా నాకు ఫోన్ చేసేది.

అక్కడ అద్దెకి దొరుకుతుంది కదా, కొనడం దండగ కాదా?

ఒక్క ట్రిప్పేనా, రెండు మూడు డైవ్‌లేనా? అయితే అద్దె తీసుకోండి. వారం ముందే కొలతలు పంపండి, మొదటి రోజు పొద్దున్నే వెళ్లి వేసుకుని చూడండి. అద్దె సూట్లతో చిక్కు ఏంటంటే, వందల మంది వేసుకుని విప్పి, అందులోని బుడగలు నలిగి పలచబడిపోయి ఉంటాయి. పైన 7 మి.మీ. అనే రాసుంటుంది. మోచేతి దగ్గర వేళ్లతో నొక్కి చూడండి, స్పాంజిలా లేవకపోతే అది పాతబడిందని అర్థం.

ఏడాదికో చల్లనీళ్ల ట్రిప్పు వేసేవాళ్లు కొనుక్కోవడమే మంచిది. బ్యాగేజీ లెక్క కూడా వేసుకోండి. సూటు ఒక్కటే మూడు నాలుగు కిలోలు, బూట్లు, హుడ్, గ్లౌజులు కలిస్తే సూట్‌కేస్‌లో సగం అవే ఆక్రమిస్తాయి.

## కొలతలు, సైజు

మా టైలర్‌తో కొలతలు తీయించుకోవచ్చా?

తీయించుకోండి, కానీ పక్కనే నిలబడండి. నా మొదటి సూటు కథ చెప్తాను. సికింద్రాబాద్‌లో మాకు పదిహేనేళ్లుగా బట్టలు కుట్టే ఒక మాస్టారు ఉన్నారు. ఆయన దగ్గరికెళ్లి కొలతలు కావాలన్నాను. ఛాతీ, నడుము, తుంటి అన్నీ చకచకా తీసి చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ చూసుకుంటూ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. సూటు వచ్చింది, ఎక్కడా ఇబ్బంది లేకుండా ఎక్కింది, నేనూ సంబరపడ్డాను. ఫాల్స్ బేలో దిగాక తెలిసింది అసలు సంగతి. తల ఎత్తి పైకి చూసినప్పుడల్లా మెడ వెనక నుంచి ఒక సన్నటి ఐసు ధార వెన్నుపూస వెంట నడుము దాకా జారేది. నడుము దగ్గర చేరి గుడగుడలాడేది. 22 నిమిషాలకే పళ్లు కొట్టుకుంటుంటే పైకొచ్చేశాను.

తిరిగొచ్చాక మాస్టారుని అడిగితే తాపీగా అన్నారు, "అన్నిటికీ రెండంగుళాలు లూజు కలిపే రాశాను కదా సార్, లేకపోతే చొక్కా పట్టేయదూ?" ఆయన తప్పేం లేదు, ఆయన జీవితమంతా చేసిందే అది. మీరు మాత్రం "లూజు కలపొద్దు, ఒంటి కొలతే రాయండి" అని గట్టిగా చెప్పండి.

ఏయే కొలతలు కావాలి?

చెప్పుల్లేకుండా ఎత్తు, బరువు, మెడ, ఛాతీ, నడుము, తుంటి, కాలు లోపలి వైపు పొడవు, మణికట్టు, చీలమండ. నడుము అంటే ప్యాంటు కట్టుకునే చోటు కాదు, బొడ్డు మీదుగా. జీన్స్ మీద 34 అని ఉందని అదే రాయకండి, కంపెనీలు సైజు పేరు కంటే ఒకటి రెండంగుళాలు పెద్దగానే కుడతాయి. ఇంకొకటి అందరూ మర్చిపోయేది: భుజం మీద నుంచి ముందుగా కాళ్ల మధ్య నుంచి వెనకగా తిరిగి అదే భుజానికి చుట్టుకొలత. మొండెం పొడవు దీంతోనే తెలుస్తుంది. ఇది తక్కువైన సూటు నిలబడినప్పుడు భుజాలను కిందికి గుంజుతుంది, ఎక్కువైనది నడుము దగ్గర సంచిలా వేలాడుతుంది.

ఆ తర్వాత మీరు కొనబోయే కంపెనీ సైజు చార్టు చూడండి. ఒక కంపెనీ లార్జ్ ఇంకో కంపెనీకి మీడియం కావచ్చు.

పొట్ట ఉంది, కాళ్లూ చేతులూ సన్నం. ఏ సైజు తీసుకోవాలి?

మన ఆఫీసుల్లో కూర్చునే మగవాళ్లలో సగం మంది ప్రశ్న ఇది, నాతో సహా. ఐరోపా కంపెనీల చార్టులు వాళ్ల ఒంటి తీరుకి తగ్గట్టు ఉంటాయి. పొట్టకి సరిపోయే సైజు తీసుకుంటే చీలమండ, మణికట్టు దగ్గర సీలు అతుక్కోదు, మోకాళ్ల వెనక మడతలు పడతాయి. కాళ్లకి సరిపోయేది తీసుకుంటే జిప్పు పడదు.

పొట్ట సాగుతుంది, నియోప్రీనూ సాగుతుంది. సన్నటి కాలు మాత్రం లావవదు. అందుకని ఛాతీ, కాళ్లు, సీళ్ల దగ్గర సరిగ్గా పట్టే సైజు తీసుకుని, పొట్ట దగ్గర కాస్త బిగుతుని భరించండి. ఊపిరి నిండా పీల్చుకోగలిగితే చాలు. చాలా కంపెనీలు ఎత్తు తక్కువ, ఒళ్లు ఎక్కువ ఉన్నవాళ్లకి "షార్ట్" సైజులు విడిగా చేస్తాయి. వాటిని ముందు చూడండి. ఎక్కడా కుదరకపోతే కొలతలిచ్చి కుట్టించుకోవడమే, దానికి ఖర్చూ ఎక్కువే, రావడానికి పట్టే రోజులూ ఎక్కువే.

ఆడవాళ్లకి వేరే సూటు కావాలా, మగవాళ్ల చిన్న సైజు చాలదా?

వేరేదే తీసుకోండి. మగవాళ్ల సూటులో నడుము వెనక, రొమ్ముల కింద గుంతలు పడతాయి, చల్లనీళ్లు చేరేది అక్కడే. తుంటి దగ్గర పట్టేసి, భుజాల దగ్గర వేలాడుతుంది.

రెండు సైజుల మధ్యలో ఉన్నాను.

చిన్నది ముందు వేసుకుని చూడండి. ఊపిరి ఆడుతుందా, వేళ్లు తిమ్మిరెక్కడం లేదా? అయితే అదే. కొత్త నియోప్రీన్ తడిసాక, పది డైవ్‌లయ్యాక కాస్త సాగుతుంది. పెద్దది మాత్రం ఎప్పటికీ చిన్నదవదు.

జిప్పు వెనకుండాలా, ముందుండాలా?

ముందు అడ్డంగానో ఏటవాలుగానో వచ్చే జిప్పైతే ఒక్కరే వేసుకోవచ్చు, వీపు మీద గట్టి పట్టీ ఉండదు కాబట్టి వెన్ను వంపుకి బాగా అతుకుతుంది. వెనక జిప్పున్న సూటు తొడుక్కోవడం తేలిక, జిప్పు వేయడానికి మాత్రం ఇంకొకరు కావాలి. రెండిట్లో మీ ఒంటికి బాగా పట్టిందే కొనండి.

## వేసుకుని చూసేటప్పుడు

హైదరాబాద్ ఎండలో ఇది ఎలా వేసుకుని చూడటం?

ఏసీ గదిలో, ఫ్యాన్ కింద, పొద్దున్నే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ప్రయత్నించకండి, కళ్లు తిరుగుతాయి. పక్కన ఒకరుండాలి, మంచినీళ్ల సీసా ఉండాలి. గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు తీసేయండి. చెమట పట్టాక అసలు ఎక్కదు, పౌడర్ రాసుకుంటే కొంత జారుతుంది.

పాదాలకి పలచటి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుంటే చీలమండ సీలు దాటడం తేలికవుతుంది, కూరగాయల కవరైనా పర్లేదు. సూటుని నడుము దాకా తిరగేసి, ఒక్కో కాలూ కొంచెం కొంచెంగా పైకి జరుపుకోండి. గోళ్లతో కాదు, వేళ్ల మెత్తటి భాగంతో పట్టుకోవాలి, గోరు దిగితే నియోప్రీన్ నెలవంకలా కోసుకుపోతుంది. కాళ్ల మధ్య ఖాళీ లేకుండా పూర్తిగా పైకి లాగాకే చేతులు తొడగండి. "భుజాలు పట్టేస్తున్నాయి, సైజు చిన్నది" అని తిప్పి పంపేవాళ్లలో చాలామంది కాళ్ల దగ్గర సరిగ్గా లాక్కోనివాళ్లే. పది నిమిషాల్లో పరీక్ష ముగించి పైభాగం విప్పేయండి.

ఎంత బిగుతుంటే సరైన బిగుతు?

ఎవరో గట్టిగా కౌగిలించుకున్నట్టుండాలి. గొంతు పిసికినట్టు ఉండకూడదు.

ముందు నిటారుగా నిలబడి ఊపిరి నిండా మూడుసార్లు పీల్చండి. సగంలో ఆగిపోతే చిన్నది. తర్వాత అద్దం ముందు పక్కకి తిరిగి నడుము వెనక వంపు చూడండి. సూటు వీపు నుంచి పిరుదుల దాకా తిన్నగా గోడలా దిగిపోతే, ఆ వంపులో ఖాళీ ఉన్నట్టే. పక్కవాళ్లని అరచేత్తో అక్కడ నొక్కమనండి. లోపల గాలి కదిలి మెడ దగ్గర బుస్సుమంటే ఆ ఖాళీలోకి రేపు నీళ్లొస్తాయి. చంకలు, కాళ్ల మధ్య, మోకాళ్ల వెనక, రొమ్ము ఎముక మీద కూడా ఇలాగే చూడండి.

చేతులు పైకెత్తి సిలిండర్ వాల్వ్ అందుకుంటున్నట్టు వెనక్కి చాపండి. గొంతుక్కూర్చోండి. మిమ్మల్ని మీరే కౌగిలించుకోండి. భుజాల దగ్గర కాస్త ఎదురు తిరగడం మామూలే, చేయి వెనక్కి రాకపోతే మాత్రం వద్దు. తొడ మీద, కడుపు మీద రెండు వేళ్లతో గిల్లి చూడండి. బట్టలా మడత లేస్తే లూజు.

ఇక సీళ్లు. మణికట్టు సీలు చర్మం మీద ముడత లేకుండా కనీసం రెండు వేళ్ల వెడల్పున పరుచుకోవాలి. పిడికిలి గట్టిగా బిగించండి. మణికట్టు లోపలి వైపు నరాలు తాళ్లలా లేస్తాయి కదా, వాటి పక్కన సన్నటి కాలవలు పడతాయి. సన్నటి చేతులవాళ్లకి నీళ్లు దూరేది అక్కడే. సీలు ఆ కాలవల్ని కప్పుతోందా చూడండి. అయిదు నిమిషాలయ్యాక వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా ఆ సూటు మీది కాదు.

నేలమీద కొంచెం ఎక్కువ బిగుతుగా అనిపించిన సూటు నీళ్లలో సర్దుకుంటుంది. నేలమీదే సుఖంగా ఉన్న సూటు నీళ్లలో లూజవుతుంది.

మెడ దగ్గర నొక్కేస్తోంది, కళ్లు తిరుగుతున్నాయి. అలవాటవుతుందా?

వెంటనే విప్పేయండి. మెడకి రెండు వైపులా ఉండే పెద్ద రక్తనాళాల దగ్గర ఒత్తిడి పడితే గుండె వేగం, బీపీ పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. నీళ్లలో అలా జరిగితే ప్రాణం మీదికొస్తుంది. మింగడానికి, తల తిప్పడానికి ఇబ్బంది లేకుండా చర్మానికి అతుక్కుంటే చాలు. మెడ సీలు చాలా సూట్లలో లోపలికి మడుస్తారు, మడవకుండా వేసుకున్నా నొక్కినట్టుంటుంది, ఒకసారి అదీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే సైజు మార్చండి. మిగతాచోట్ల సర్దుకుపొమ్మంటాను గానీ మెడ విషయంలో అనను.

చేతికి దారం, మొలతాడు, నల్లపూసలు ఉన్నాయి. తీయాలా?

మొలతాడుతో పేచీ లేదు, అది సీలు కింద పడదు. మణికట్టు దారం మాత్రం సీలు కిందికి పోతే దీపం వత్తి నూనె పీల్చినట్టు నీళ్లు లోపలికి లాగుతుంది. తీయడం ఇష్టం లేకపోతే మోచేతి వైపు సీలు దాటేదాకా జరుపుకోండి. కాళ్ల పట్టీలు, గాజులు తీసేయాలి. నల్లపూసలు, జంధ్యం మెడ సీలు దాటి పూర్తిగా లోపల ఉండేలా సర్దండి, సీలు మీదుగా బయటికి రాకూడదు. జడ హుడ్ లోపల పైకి చుట్టుకోవాలి. మెడ సీలు కింద పది వెంట్రుకలు ఇరుక్కున్నా లీకే.

ఇక్కడ చల్లనీళ్లు లేవు. స్విమ్మింగ్ పూల్‌లో చూస్తే ఏం తెలుస్తుంది?

చలి సంగతి తెలియదు, లీకు సంగతి తెలుస్తుంది. కావాల్సింది అదే. డిసెంబర్, జనవరిలో పొద్దున్నే ఆరున్నరకి మన ఊళ్లో తెరిచి ఉండే పూల్ నీళ్లు కాస్త చల్లగానే ఉంటాయి, పరీక్ష అప్పుడు పెట్టుకోండి. పూల్ వాళ్లని ముందే అడగండి, నల్ల సూటులో మనిషిని చూసి పిల్లల తల్లిదండ్రులు కంగారు పడతారు.

దిగగానే జిప్పు కొసల్లో, మెడ దగ్గర కాసిని నీళ్లు దూరతాయి. కదలకుండా అయిదు నిమిషాలుండండి. ఆ తర్వాత వెల్లకిలా తిరగండి, తలెత్తి పైకి చూడండి, చేతులు ముందుకి చాపండి. ఎక్కడైనా చల్లటి గీత పాకినట్టు అనిపిస్తే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. బయటికొచ్చి నిలబడి చీలమండ సీలు వేలితో ఎత్తండి. మగ్గు నీళ్లు కారితే పర్లేదు. బకెట్ నిండితే తిప్పి పంపండి. క్లోరిన్ నీళ్లలో తడిపిన సూటు దుకాణం వాళ్లు తిరిగి తీసుకుంటారో లేదో మాత్రం కొనే ముందే మాట్లాడుకోండి.

హుడ్, బూట్లు, గ్లౌజులు ఎలా కలపాలి?

సూటు కాలు చివర రెండు పొరలుంటాయి. లోపలి నున్నటి పొర చర్మం మీద, దాని మీద బూటు, బూటు మీద బయటి పొర. దీన్ని తలకిందులు చేసి, బూటు పైన సీలు వేసుకుని "లీకవుతోంది" అనేవాళ్లు చాలామంది. చేతులకీ ఇదే వరస.

బూట్లు 5 నుంచి 7 మి.మీ. ఉంటే మీ పాత ఫిన్లు (ఈదడానికి కాళ్లకి తొడుక్కునే రెక్కలు) పట్టకపోవచ్చు, మడమ పట్టీ ఉన్న పెద్ద సైజు ఫిన్లు కావాలి. 5 మి.మీ. గ్లౌజులతో ఇన్‌ఫ్లేటర్ బటన్ (జాకెట్‌లోకి గాలి నింపేది), వెయిట్ బకిల్ (బరువుల బెల్టు విప్పేది) ఇంట్లోనే నాలుగుసార్లు నొక్కి ప్రాక్టీస్ చేయండి. హుడ్ వేసుకున్నాక దిగే ముందు ఒకసారి చెవి దగ్గర వేలు పెట్టి నీళ్లు రానివ్వండి. గాలి ఇరుక్కుంటే దిగేటప్పుడు చెవి నొప్పి, ముక్కు మూసి ఊది చెవుల ఒత్తిడి ఎంత సరిచేసుకున్నా (ఈక్వలైజ్) పోదు.

## నీళ్లలో

దీంతో ఎన్ని కిలోల బరువు కట్టుకోవాలి?

నియోప్రీన్ తేలుతుంది, మునగడానికే ఈ బరువు. 3 మి.మీ. సూటుతో కట్టుకునేదాని కంటే చాలా కిలోలు ఎక్కువ పడుతుంది. కచ్చితమైన అంకె ఎవరూ ఫోన్‌లో చెప్పలేరు, ఒళ్లు, సిలిండర్, ఉప్పునీళ్లా మంచినీళ్లా అన్నది చూడాలి. పూల్‌లో సరిపోయిన బరువు సముద్రంలో చాలదు, రెండు మూడు కిలోలు పెంచాల్సి వస్తుంది. అసలు పరీక్ష డైవ్ చివర్లో: సిలిండర్‌లో 50 బార్ ఉన్నప్పుడు, బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) ఖాళీ చేసి, 5 మీటర్ల దగ్గర తేలకుండా మునగకుండా నిలబడగలగాలి. కొత్త సూటు ఎక్కువ తేలుతుంది, వాడేకొద్దీ తగ్గుతుంది. ఏడాదికోసారి మళ్లీ చూసుకోండి.

10 మీటర్ల దగ్గర బాగానే ఉంది, 30 దగ్గర వణికిపోయాను. సూటు పాడైందా?

పాడవలేదు, నలిగింది. 30 మీటర్ల దగ్గర పీడనం పైనున్నదానికి నాలుగు రెట్లు. నియోప్రీన్‌లోని బుడగలు కుంచించుకుపోయి 7 మి.మీ. కాస్తా దాదాపు సగానికి వస్తుంది. వెచ్చదనంతో పాటు తేలే గుణమూ తగ్గి, బరువుగా కిందికి జారతారు. పైకొస్తే మళ్లీ ఉబ్బుతుంది. చల్లనీళ్లలో లోతు డైవ్‌లు పొట్టిగా ఉంచుకోండి.

సిగ్గు పడుతూనే అడుగుతున్నా, సూటులోనే మూత్రం పోస్తే?

చల్లనీళ్లలో అందరికీ వస్తుంది. చలికి రక్తం కాళ్లూ చేతుల నుంచి మొండెంలోకి చేరి కిడ్నీలు ఎక్కువ పని చేస్తాయి. మామూలు వెట్‌సూట్‌లో అయితే కొట్టుకుపోతుంది. సెమీ డ్రైలో మీతోనే ఉంటుంది, మధ్యాహ్నం దాకా. దిగే ముందు బాత్రూమ్‌కెళ్లండి, కానీ మూత్రం వస్తుందని నీళ్లు తాగడం మాత్రం మానకండి.

చలి ఎంత ఉంటే డైవ్ ఆపేయాలి?

వణుకు మొదలైతే ఆపేయండి. అంతకంటే ముందే తెలియాలంటే బొటనవేలితో చిటికెనవేలిని తాకించి చూడండి, అది కుదరడం లేదంటే బకిల్ విప్పడం కూడా రాదు. బడ్డీకి (జతగా దిగిన డైవర్‌కి) సైగ చేసి పైకి బయల్దేరండి. ఇంకో సంగతి, డైవ్ చివర్లో ఒళ్లు చల్లబడితే రక్తప్రసరణ మందగించి, లోతులో ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడం నెమ్మదిస్తుంది. సేఫ్టీ స్టాప్‌లో (పైకొచ్చే ముందు కాసేపు ఆగే చోట) వణుకుతూ నిలబడటం మంచిది కాదు. బోటు మీద ఫ్లాస్కులో అల్లం చాయ్ పెట్టుకోండి. బ్రాందీ ఒంటిని వెచ్చబరుస్తుందన్నది భ్రమ, చర్మానికి రక్తం ఎక్కువెళ్లి లోపలి వేడి ఇంకా పోతుంది.

## ఇంటికొచ్చాక

వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా? ఎక్కడ ఆరేయాలి?

మెషీన్ వద్దు, వేణ్నీళ్లు వద్దు, సర్ఫ్ వద్దు. టబ్బులో మామూలు నీళ్లు పోసి అరగంట నానబెట్టి, తిరగేసి మళ్లీ జాడించండి. వాసనొస్తే కాస్త బేబీ షాంపూ చాలు. పిండకండి. నీడలో, వెడల్పాటి హ్యాంగర్ మీద నడుము దగ్గర మడిచి వేయండి. డాబా మీద మే ఎండలో ఆరేస్తే రెండు సీజన్లకే రబ్బరుకి పగుళ్లొస్తాయి. జులై, ఆగస్టు ముసురులో లోపలి వైపు ఆరడానికి మూడు రోజులైనా పడుతుంది, తడిగా బీరువాలో పెడితే బూజు ఖాయం.

జిప్పు గట్టిగా ఉంది, కొబ్బరినూనె రాయొచ్చా?

వద్దు. వాసెలిన్ అసలే వద్దు, పెట్రోలియం సరుకు నియోప్రీన్‌ని మెత్తబరిచి పాడు చేస్తుంది. ఇత్తడి పళ్ల జిప్పుకైతే జిప్పుల మైనం. ప్లాస్టిక్ డ్రై జిప్పుకైతే దాంతో పాటు ఇచ్చిన సిలికాన్ గ్రీజు, అదీ మూసుకునే కొస దగ్గర చిటికెడు. ముందు పాత టూత్‌బ్రష్‌తో ఇసుక దులపండి. మడత పెట్టేటప్పుడు జిప్పు విరిగినట్టు వంగకూడదు, దాన్ని మార్చడం ఈ సూట్లలో పెద్ద ఖర్చు.

చిన్న చిరుగు పడింది. చెప్పులు కుట్టే ఆయనతో కుట్టించనా?

కుట్టిస్తే ఒక చిరుగు స్థానంలో ఇరవై సూది కన్నాలు పడతాయి. నియోప్రీన్ జిగురు ట్యూబు కొనుక్కోండి. చిరుగు రెండు అంచులకీ పలచగా రాసి, ఆరాక ఇంకో పూత రాసి, వేలికి జిగటగా తగిలినప్పుడు రెండూ కలిపి గట్టిగా నొక్కండి. ఒక రోజంతా వదిలేయండి. సీలు చిరిగినా, జిప్పు పోయినా ఇంట్లో చేయకండి, డైవింగ్ సామాను రిపేరు చేసేవాళ్లకే పంపండి.

పాత సూటు ఎవరూ కొనడం లేదు, ఏం చేయను?

సైజు కలిసే కొత్త డైవర్ ఎవరైనా ఉంటే పూల్ ప్రాక్టీసుకి ఇచ్చేయండి. లేకపోతే కత్తెర పట్టండి. చేతుల గొట్టాలు నీళ్ల సీసాలకి తొడుగులవుతాయి, వీపు ముక్క ల్యాప్‌టాప్ కవరవుతుంది. లూజై మూలపడ్డ నా మొదటి సూటు వీపు ముక్క మా హాల్లో కూలర్ కింద ఉంది. 7 మి.మీ. మందం, కూలర్ చప్పుడు సగం తగ్గింది.